పింగాణి అడుగున ముద్ర: పాత పాత్రల తయారీదారును గుర్తించడం

పాత పింగాణి పళ్లెం చేతికొస్తే తెలిసినవాళ్లు ముందు దాన్ని బోర్లించి చూస్తారు. అడుగున నీలి రంగులో ఒకదాని మీదొకటి వాల్చిన రెండు కత్తులో, మట్టిలోకి నొక్కిన ఇంటిపేరో, వజ్రం ఆకారంలో కూర్చిన అక్షరాలో, నిలువు వరసల్లో ఆరు చైనా అక్షరాలో ఉంటాయి. వీటిని తయారీదారు ముద్రలు అంటారు. పాత్రను ఏ కార్ఖానా చేసింది, ఆ కార్ఖానా ఏ ఊరిది, ఏ సంవత్సరానికి ముందు అది తయారై ఉండే వీలు లేదు అన్న సంగతులు వీటి నుంచి రాబట్టవచ్చు. బొమ్మ గీసిన పనివాడి ఆనవాలు కూడా ఒక్కోసారి దొరుకుతుంది. చైనాలో 15వ శతాబ్దం నుంచి, ఐరోపాలో 18వ శతాబ్దం నుంచి ఈ ముద్రలు ఒక పద్ధతిలో పడుతూ వచ్చాయి. ఆ వెనకే నకళ్లూ వచ్చాయి. బాగా పేరున్న ముద్రలు కొన్ని అసలు పాత్రల మీద కన్నా అనుకరణల మీదే ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి ముద్రను పాత్ర తన గురించి తాను చెప్పుకున్న మాటగా మాత్రమే తీసుకుని, ఆ మాట మట్టితో, పూతతో, బరువుతో, అడుగు అరుగుదలతో పొసగుతోందా లేదా అని చూడాలి. ముద్రల పుస్తకం దగ్గర పెట్టుకుని బొమ్మకు బొమ్మ సరిపోల్చి తేల్చేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

పచ్చి మట్టి మీద, కాల్చిన పూత మీద

ముద్రలో ఏముందో చదివే ముందు అది ఏ దశలో పడిందో చూడాలి. పాత్ర ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు మొనతో గీసిన గీతకు రెండు అంచులా మట్టి సన్నగా పైకి లేస్తుంది. కాల్చాక ఎవరైనా గీకితే ఆ లేపు రాదు, అంచులు పెచ్చులూడినట్టు తెగి ఉంటాయి. అచ్చుతో నొక్కిన పేరూ పచ్చి మట్టి మీద పడేదే. పైన పోసిన పూత ఆ అక్షరాల గుంటల్లో చేరి కాస్త ముదురు రంగులో కనబడుతుంది. ఈ రెండు రకాల ముద్రలూ పాత్రతో పాటే పుట్టినవి, తర్వాత చేర్చడం కష్టం.

రంగుతో వేసిన ముద్రల్లో రెండు రకాలున్నాయి. పూతకు ముందే కోబాల్టు నీలంతో రాసి, పైన పూత పోసి కాలిస్తే ముద్ర గాజు కింద ఉండిపోతుంది. వేలికి తగలదు, గోటితో గీరినా పోదు. పూత కాలిన తర్వాత ఎరుపుతోనో, బంగారంతోనో, నలుపుతోనో వేసి తక్కువ వేడిలో మళ్లీ కాల్చిన ముద్ర వేలి కొసకు సన్నగా తగులుతుంది. వెలుతురులో పళ్లేన్ని ఏటవాలుగా పట్టుకుంటే దాని మెరుపు చుట్టూ ఉన్న పూత మెరుపుతో కలవదు. చిన్న బట్టీ ఉన్నవాడు ఎవడైనా, ఎన్నేళ్ల తర్వాతైనా, ఏ తెల్లటి పాత్ర మీదైనా ఇలాంటి ముద్ర వేయగలడు. అందుకే పూత పైన ఉన్న ముద్ర సాక్ష్యంగా బలహీనం. అసలు ముద్రను అరగదీసి పెద్ద పేరు తగిలించిన పాత్రల అడుగున నడుమ ఒక చోట మెరుపు చచ్చిన మచ్చ ఉంటుంది. ముద్ర ఉండాల్సిన చోట ఆ మచ్చ కనబడితే అక్కడితో అనుమానించడం మేలు.

అరుగుదల మాటా ఇక్కడే చెప్పుకోవాలి. వందేళ్లు బల్ల మీద జరుగుతూ వచ్చిన పళ్లెం అడుగు వలయం మీద గీతలు సన్నగా, ఒకదానికొకటి పొంతన లేకుండా అన్ని దిక్కులకూ పోతాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చినచోట గీతలన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి.

ఇటలీ కుమ్మరుల పేర్లు అరికమేడులో

కుమ్మరి తన పేరు నొక్కడం ఐరోపా పింగాణితో మొదలైంది కాదు. ఇటలీలోని అరెత్సోలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నుంచి చేసిన ఎర్రటి నునుపు పాత్రల నడుమ కార్ఖానాదారు పేరు నొక్కేవారు. క్రీ.శ. 15 ప్రాంతం నుంచి ఆ పేరును పాదం ఆకారపు చట్రంలో పెట్టడం వాడుకైంది. చట్రం ఆకారమే ఒక తేదీ అన్నమాట. పుదుచ్చేరి పక్కన ఉన్న అరికమేడులో 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వకం జరిపినప్పుడు ఈ అరెత్సో పెంకులు పేరు ముద్రలతో సహా దొరికాయి. వాటి కాలం ఇటలీలో ముందే తేలి ఉంది. కాబట్టి వాటితో పాటే మట్టిలో ఉన్న స్థానిక పాత్రలకు, లోపలి అడుగున చక్రంతో చుక్కల వరసలు దిద్దిన నల్లటి పళ్లేలకు కూడా తొలిసారి ఒక కాలం కట్టగలిగారు. ఆ చుక్కల పళ్లేల ముక్కలు అమరావతిలో, శ్రీకాకుళం జిల్లా సాలిహుండంలో కూడా దొరికాయి. అవి రోము నుంచి దిగుమతైనవని మొదట అనుకున్నా, ఇక్కడి మట్టితో ఇక్కడే చేసినవనీ, వీలర్ చెప్పిన కాలం కన్నా ముందే మొదలయ్యాయనీ తర్వాతి పరిశోధన తేల్చింది. పేరున్న ముద్ర ఎక్కడో దూరాన పేరు లేని పాత్రకు కాలం చెప్పిన ఉదాహరణల్లో ఇది మేటి.

చైనా ఏలుబడి ముద్రలు

చైనా పింగాణి మీద సాధారణంగా కుమ్మరి పేరు కాకుండా చక్రవర్తి ఏలుబడి పేరు ఉంటుంది. ఆరు అక్షరాల ముద్రను రెండు నిలువు వరసల్లో రాస్తారు. కుడి వరసతో మొదలుపెట్టి పై నుంచి కిందికి చదవాలి. దా మింగ్ షువాన్‌దె నియెన్ జి అని ఉంటే, మహా మింగ్ వంశపు షువాన్‌దె ఏలుబడిలో చేసినది అని అర్థం. ఆ ఏలుబడి 1426–1435. వంశం పేరు వదిలేస్తే నాలుగక్షరాలే మిగులుతాయి. మింగ్ కాలంలో షువాన్‌దె, చెంగ్‌హువా (1465–1487), చింగ్ కాలంలో కాంగ్‌షి (1662–1722), యొంగ్‌జెంగ్ (1723–1735), ఛియెన్‌లొంగ్ (1736–1795), గ్వాంగ్‌షు (1875–1908) పేర్లు ఎక్కువగా తగులుతాయి. 18వ శతాబ్దంలో, ముఖ్యంగా ఛియెన్‌లొంగ్ కాలంలో, మామూలు రాతకు బదులు మొహరు మీద చెక్కే గళ్ల రాత వాడుక పెరిగింది.

ఇక్కడ ముద్రను నమ్మడం అన్నింటికన్నా ప్రమాదం. చైనా కుమ్మరులు తమకన్నా పూర్వపు ఏలుబడి పేరు రాయడాన్ని ఎప్పుడూ దొంగతనంగా చూడలేదు. షువాన్‌దె, చెంగ్‌హువా కాలపు పనితనం మీద గౌరవంతో రాసినవి కొన్ని, అమ్ముకోవడానికి రాసినవి కొన్ని. రెండింటినీ వేరుచేసే హద్దు ఎక్కడుందో చెప్పడం కష్టం. కాంగ్‌షి కాలంలో మరో చిత్రం జరిగింది. పింగాణి పట్నం జింగ్‌దెజెన్‌లో 1677లో స్థానిక అధికారి పాత్రల మీద చక్రవర్తి పేరు రాయకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. పగిలిన పాత్రతో పాటు ఆ పేరూ చెత్తలో పడి కాళ్ల కింద నలుగుతుందన్నది కారణం. దాంతో ఆ కాలపు పాత్రల అడుగున జంట నీలి వలయాలు గీసి నడుమ ఖాళీగా వదిలేశారు, లేదా ఆకో, శంఖమో గీశారు, లేదా ఎవరికీ అభ్యంతరం లేని చెంగ్‌హువా పేరు పెట్టేశారు. అందువల్ల ఏమీ రాయని జంట వలయాలు ఒక్కోసారి చక్కగా రాసిన కాంగ్‌షి ముద్ర కన్నా నమ్మదగిన ఆనవాలు. కాంగ్‌షి పేరును 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దంలో లెక్కలేనన్ని పాత్రల మీద రాశారు.

చెంగ్‌హువా ముద్ర విలువేమిటో 2014లో హాంకాంగ్ వేలం చెప్పింది. కోడిపుంజు, పెట్ట, పిల్లల బొమ్మలున్న అరచేతిలో ఇమిడే గిన్నె ఒకటి 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. ఆ గిన్నెల అడుగున ఆరక్షరాలూ జంట చతురస్రం లోపల ఉంటాయి. అదే బొమ్మ, అదే చతురస్రం, అవే ఆరక్షరాలు తర్వాతి శతాబ్దాల గిన్నెల మీదా ఉన్నాయి. తేడా పట్టుకునేవాళ్లు అక్షరాల పోకడ చూస్తారు, కోబాల్టు పూతలోకి ఎలా ఇంకిందో చూస్తారు, వెలుతురుకు పట్టి గోడ మందం చూస్తారు.

మైసెన్ కత్తులు

చైనా తరహా గట్టి పింగాణి కిటుకు ఐరోపాకు చిక్కింది 1708లో, సాక్సనీలో, యోహాన్ బ్యోట్గర్ చేతుల మీదుగా. 1710లో రాజు అగస్టస్ మైసెన్‌లో కార్ఖానా పెట్టించాడు. అగస్టస్ రెక్స్ (రాజు అగస్టస్) అన్న మాటల్లోని ఎ, ఆర్ అక్షరాలను ముడివేసిన గుర్తు కూడా అక్కడి పాత్రల మీద పడేది. 1720ల మొదట్లో సాక్సనీ రాజచిహ్నం నుంచి వచ్చిన జంట కత్తులు కార్ఖానా గుర్తయ్యాయి. వీటిని కుంచెతో పాత్ర పాత్రకూ విడిగా, పూత కింద నీలంలో గీసేవారు కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. పిడుల నడుమ చుక్క ఉంటే 1763–1774 మధ్యది, నక్షత్రం ఉంటే 1774 నుంచి 1815 దాకా సాగిన, కార్ఖానా అధిపతి మార్కోలీని పేరుతో పిలిచే కాలానిది. కత్తులకు అడ్డంగా పూతను కోసుకుంటూ పోయిన గీత ఉంటే ఆ పాత్రలో కార్ఖానా ఏదో లోపం పట్టి రెండో రకంగా అమ్మేసిందని లెక్క. బేరంలో ఈ గీతను పాతకాలపు గుర్తుగా చెప్పేవాళ్లున్నారు.

కత్తులను అందరూ ఎత్తుకున్నారు. ఇంగ్లండులో వూస్టర్ కార్ఖానా కత్తులు గీసి కింద 9 అనో 91 అనో అంకె వేసేది. డెర్బీ, బో కార్ఖానాలూ అదే బాట పట్టాయి. 1845లో పారిస్‌లో మొదలైన సామ్సన్ సంస్థ మైసెన్, చెల్సీ, చైనా పాత్రలన్నింటికీ నకళ్లు చేసింది. అవి మంచి పనితనం గల నకళ్లు, ఇప్పుడు వాటినే సేకరించేవాళ్లున్నారు.

ఫ్రాన్సు రాజకార్ఖానా 1756లో వెన్సెన్ నుంచి సేవ్ర్‌కు మారింది. దాని గుర్తు ఎదురెదురుగా పెనవేసిన రెండు ఎల్ అక్షరాలు. 1753 నుంచి ఆ రెండింటి నడుమ సంవత్సరాక్షరం వేశారు: ఎ అంటే 1753, జెడ్ అంటే 1777, 1778 నుంచి జంట అక్షరాలు. పక్కన చిత్రకారుడి సొంత గుర్తు ఉంటుంది. ఇంత వివరమున్న ముద్ర నిజానికి నకలు చేసేవాడికి వరం. అయితే అదే వివరం అతన్ని పట్టిస్తుంది కూడా: సంవత్సరాక్షరం ఒక కాలానిది, చిత్రకారుడి గుర్తు అప్పటికి కార్ఖానాలోనే లేని మనిషిది అయితే కథ ముగిసినట్టే. 1800 తర్వాత కార్ఖానా తన దగ్గర పేరుకుపోయిన బొమ్మల్లేని తెల్ల పాత్రలను అమ్మేసింది. వాటి మీద బయటివాళ్లు రంగులు వేశారు. అలాంటిచోట మట్టి అసలుది, బొమ్మ నకలు.

లండన్‌లోని చెల్సీ కార్ఖానా లంగరు గుర్తుకూ ఇదే గతి. 1752–1756 నాటి ఎర్ర లంగరు నిజానికి చాలా చిన్నది, అర సెంటీమీటరు అటూ ఇటూ, పాత్ర మూలన ఎక్కడో దాక్కుని ఉంటుంది. 1756–1769 నాటి బంగారు లంగరూ అంతే. అడుగు మధ్యలో దర్జాగా కూర్చున్న పెద్ద బంగారు లంగరును చూస్తే అనుమానించాల్సిందే.

ఇంగ్లండు వజ్రం

19వ శతాబ్దపు ఇంగ్లిషు పాత్రలకు కాలం కట్టడంలో అన్నింటికన్నా పనికొచ్చేది కార్ఖానా గుర్తు కాదు, ప్రభుత్వ రిజిస్ట్రేషను గుర్తు. 1842 నుంచి 1883 దాకా కొత్త నమూనాను నమోదు చేయించుకున్న తయారీదారు వజ్రాకారపు గుర్తు వేసేవాడు. పై కొసన చిన్న వలయంలో వస్తువు తరగతి ఉంటుంది. పింగాణి, మట్టి పాత్రలకు రోమన్ అంకె నాలుగు. మధ్యలో ఆర్, డి అక్షరాలు. నాలుగు మూలల్లో తేదీ, నెల, సంవత్సరం, ఆ రోజు నమోదైన కట్ట సంఖ్య. సంవత్సరాక్షరాలను వర్ణక్రమంలో ఇవ్వకుండా కావాలనే చెదరగొట్టారు.

చదివేటప్పుడు ముందు తరగతి వలయం కింద పై మూలన ఏముందో చూడాలి. అక్కడ అక్షరం ఉంటే అది 1842–1867 వరస, ఆ అక్షరమే సంవత్సరం, ఎడమ మూల నెల, కుడి మూల తేదీ. పైన అంకె ఉంటే అది 1868–1883 వరస, ఆ అంకె తేదీ, సంవత్సరాక్షరం కుడి మూలకు, నెల అక్షరం కింది మూలకు మారిపోయాయి. ఉదాహరణకు సి అక్షరం పై మూలన ఉంటే 1844, కుడి మూలన ఉంటే 1870. మూల చూడకుండా అక్షరం ఒక్కటే చూస్తే ఇరవై ఆరేళ్లు తప్పుతాయి. నెలల అక్షరాలు వేరు: సి జనవరి, జి ఫిబ్రవరి, ఇ మే, ఎ డిసెంబరు. పై మూలన అంకె 6, కుడి మూలన ఎల్, కింద డి ఉన్న టీ కుండ నమూనా 1882 సెప్టెంబరు 6న నమోదైనదన్నమాట. తేదీ, కట్ట సంఖ్య దొరికితే తయారీదారు పేరు లండన్ శివారు క్యూలో ఉన్న జాతీయ పత్రాగారపు రిజిస్టర్లలో వెతకవచ్చు. పాత్ర మీద పేరు లేకపోయినా ఫరవాలేదు.

ఇదంతా నమూనా నమోదైన తేదీ మాత్రమే. గిరాకీ ఉన్న నమూనాను కార్ఖానా ఎన్నో ఏళ్లు అదే వజ్రంతో చేస్తూ పోయి ఉండవచ్చు. 1884 నుంచి వజ్రం పోయి ఒకటి నుంచి మొదలైన వరుస సంఖ్య వచ్చింది. 1900 జనవరికి అది 3,51,202కు చేరింది.

కార్ఖానాలకూ సొంత తేదీ గుర్తులుండేవి. మింటన్ 1842 నుంచి ఏటా ఒక చిన్న గుర్తు నొక్కింది, వెడ్జ్‌వుడ్ 1860 నుంచి మూడక్షరాలు వాడింది. రాయల్ వూస్టర్ 1892లో కిరీటం పక్కన ఒక చుక్కతో మొదలుపెట్టి ఏటా ఒకటి చేరుస్తూ 1915కు ఇరవై నాలుగు చుక్కలకు వచ్చింది. ఇక చోటు చాలదని తెలిసింది కాబోలు, మరుసటి ఏడు నక్షత్రానికి మారిపోయింది.

పేర్ల విషయంలో వెడ్జ్‌వుడ్ గొడవ తెలిసి ఉండాలి. జొసయా వెడ్జ్‌వుడ్ 1759లో సొంత కార్ఖానా పెట్టాడు. ఆయన కార్ఖానా పేరును మట్టిలోకి శుభ్రంగా నొక్కింది. పేరు నడుమ అదనంగా ఒక ఇ చేర్చి వెడ్జెవుడ్ అని నొక్కినవి స్టాక్‌టన్‌లోని విలియం స్మిత్ కంపెనీవి. అసలు సంస్థ 1848లో కోర్టుకు వెళ్లి ఆపించింది. పేరు వెనక అండ్ కో అని ఉన్నవి టన్‌స్టాల్‌లోని వేరే సంస్థవి. ముందు జె ఉండి, వెడ్జ్‌కూ వుడ్‌కూ మధ్య చుక్కో ఖాళీయో ఉన్నవి జాన్ వెడ్జ్ వుడ్ అనే మరో కుమ్మరివి. ఆయన పేరే అది, తప్పు పట్టలేం.

దేశం పేరు, ఇతర మాటలు

అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది. ఇంగ్లండు, చైనా, నిప్పాన్ అన్న మాటలు అడుగున కనిపించడం అప్పటి నుంచే ఎక్కువైంది. ఇది గట్టి గోడ కాదు: అంతకు ముందే ఇంగ్లండు అని వేసినవారున్నారు, ఆ తర్వాత సొంత దేశంలో అమ్ముకునే పాత్రలకు వేయనివారూ ఉన్నారు. జపాన్ విషయంలో లెక్క కాస్త తేట. 1891–1921 మధ్య నిప్పాన్, 1921లో అమెరికా సుంకం శాఖ అభ్యంతరం తర్వాత జపాన్, యుద్ధానంతర ఆక్రమణలో 1952 వరకు ఆక్రమిత జపాన్. మేడ్ ఇన్ ఇంగ్లండ్ అన్న పూర్తి మాట, బోన్ చైనా అన్న మాట ఉంటే 20వ శతాబ్దపు పాత్ర అనుకోవచ్చు. లిమిటెడ్ అని ఉంటే 1855 చట్టానికి ముందుది కాదు. బ్రిటిష్ రాజచిహ్నం డాలు నడుమ మరో చిన్న డాలు ఉంటే ఆ ముద్ర 1837లో విక్టోరియా గద్దెనెక్కక ముందు రూపొందినది.

తయారీదారువి కాని రాతలు

అడుగున ఉన్న ప్రతి గుర్తూ కుమ్మరిది కాదు. విల్లో వంటి పేరు నమూనాది. ఒకే విల్లో బొమ్మను ఎన్నో కార్ఖానాలు చేశాయి. కుంచెతో రాసిన అంకెలు నమూనా సంఖ్యలు, చుక్కలూ గీతలూ పనివాళ్లు కూలి లెక్క కోసం పెట్టుకున్నవి. అమ్మిన దుకాణం పేరు కార్ఖానా పేరు కన్నా పెద్దగా ఉండటమూ కద్దు. యజమానుల గుర్తులు మరో రకం. ఇరాన్ షా అబ్బాస్ 1611లో అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చైనా పాత్రలు సమర్పించి, ఒక్కోదాని మీదా వక్ఫ్ ముద్ర చెక్కించాడు. షాజహాన్ పేరు చెక్కిన చైనా పళ్లేలూ ఉన్నాయి. సాక్సనీ అగస్టస్ తన చైనా, జపాన్ పాత్రల అడుగున పూతను కోస్తూ జాబితా సంఖ్య వేయించాడు. ఇవి తయారీ గురించి ఏమీ చెప్పవు. కానీ పాత్ర ఫలానా ఏటికి ఫలానా ఇంట్లో ఉందని చెబుతాయి, అది ఒక్కోసారి ఏలుబడి ముద్ర కన్నా గట్టి తేదీ.

ముద్ర లేనివి, ముద్ర ఉన్న పెంకులు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మైసెన్, సేవ్ర్, వెడ్జ్‌వుడ్ పాత్రలతో పాటు చైనా, జపాన్ సరుకూ ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణతో 1951లో తెరిచిన ఈ మ్యూజియంలో ఐరోపా, తూర్పు దేశాల పనితనాన్ని పక్కపక్కనే చూడవచ్చు. అద్దాల వెనక ఉన్న పాత్రల అడుగు మాత్రం కనపడదు. విషం కలిసిన అన్నం పెడితే రంగు మారుతుందని పూర్వం నమ్మిన సెలడన్ పచ్చ పళ్లేలకు చాలా వరకు ముద్రే ఉండదు. పూత మందం, అడుగు వలయం దగ్గర కాలి ఎర్రబడిన మట్టి, చెక్కిన పువ్వు తీరు చూసి తేల్చాల్సిందే.

తెలుగు ఊళ్లలో కాల్చిన మట్టి మీద తయారీదారు పేరు చదవాలంటే పాత ఇంటి కప్పు చూడాలి. మంగుళూరు పెంకును వెనక్కి తిప్పితే కంపెనీ పేరు, ఊరు, చాలాసార్లు ఒక సంవత్సరం ఉబ్బెత్తుగా ఉంటాయి. బాసెల్ మిషన్ పెంకుల మీద 1865, అల్బుకర్క్ కంపెనీ పెంకుల మీద 1868 కనిపిస్తాయి. ఇల్లు కూల్చినప్పుడు ఆ అంకె చూసి, ఇల్లు అప్పటిదేనని చెప్పుకునేవాళ్లు ఎక్కువ. అవి కార్ఖానాలు మొదలైన సంవత్సరాలు. వూస్టర్ పాత్రల మీద 51 అన్న అంకె ఆ కార్ఖానా మొదలైన 1751ని గుర్తు చేసినట్టే ఏ పెంకు మీదైనా ఆ అంకే ఉంటుంది. కాలం తెలియాలంటే పేరు చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం బాసెల్ మిషన్ కార్ఖానాలను స్వాధీనం చేసుకుంది, ఆ తర్వాత అవి కామన్వెల్త్ ట్రస్ట్ చేతికి వచ్చాయి. కామన్వెల్త్ పేరున్న పెంకు కప్పు మీద ఉంటే ఆ పెంకు 1919కి ముందుది కాదు.